ఒక్క అక్షరం తప్పితే...

సరిహద్దులో ఏళ్ల తరబడి కాపలా కాసిన జవానుకు శత్రువు ఏ దిక్కున ఉన్నాడో తెలుసు. ఊరికి తిరిగొచ్చాక ఎదురయ్యే శత్రువు మాత్రం కంటికి కనపడదు. అది ఎక్కడో వందల కిలోమీటర్ల దూరంలో, ఓ బీరువాలోని ఫైల్లో దాక్కుని ఉంటుంది. పేరులో ఓ అక్షరం, పుట్టిన తేదీలో ఓ అంకె, ఎక్కించకుండా వదిలేసిన ఓ బిడ్డ పేరు... అంతే! ఆ తప్పు ముప్ఫై ఏళ్లు కిక్కురుమనకుండా పడి ఉంటుంది. సరిగ్గా ఇంటి పెద్ద కన్నుమూసిన నెలలో లేచి కూచుంటుంది. అప్పుడు దానితో పోరాడాల్సింది సైన్యం అంటే ఏమిటో తెలియని ఇల్లాలు.

జగిత్యాల జిల్లా మల్లాపూర్ వైపు ఊళ్లలో కాగితం విలువ కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. మెట్‌పల్లి, కోరుట్ల చుట్టుపక్కల ఇంటికొకరు దుబాయ్‌కో మస్కట్‌కో వెళ్లొచ్చినవారే. పాస్‌పోర్టులో పేరుకూ వీసాలో పేరుకూ తేడా వస్తే విమానాశ్రయం నుంచే వెనక్కి రావాల్సి వస్తుందని వాళ్లకు తెలుసు. బీడీలు చుట్టే ఆడవాళ్లకూ తెలుసు... పీఎఫ్ కాగితంలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉంటే సొంత డబ్బుకోసం ఎన్నిసార్లు తిరగాలో. కానీ అదే ఇంట్లో ఓ మాజీ సైనికుడు ఉంటే ఆయన ట్రంకు పెట్టెలోని కాగితాలను మాత్రం ఎవరూ విప్పి చూడరు. ‘మిలిటరీ వాళ్లు రాసింది, తప్పెందుకు ఉంటుంది?’ అన్న నమ్మకం!

పుట్టినరోజు ఎవరు చెప్పారు?

తప్పు మొదలయ్యేది చాలావరకు చేరిన రోజే. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల కుర్రాడు భర్తీ కేంద్రంలో వరసలో నిలబడతాడు. అవతల కూచున్న గుమాస్తాకు తెలుగు రాదు. ఇతనికి హిందీ రాదు. ఇంగ్లిషు అంతంతమాత్రం. చెవికి వినపడ్డ పేరు, చేతిలో ఉన్న కాగితం చూసి తోచిన స్పెల్లింగు... అలా ఫారం నిండుతుంది. కింద సంతకమో వేలిముద్రో పడుతుంది. ఆ క్షణం నుంచి సైన్యం దృష్టిలో అతను అతనే.

ఇక పుట్టిన తేదీ. జనన మరణాల నమోదుకు దేశమంతటికీ వర్తించే చట్టం వచ్చిందే 1969లో. అంతకుముందు పల్లెల్లో బిడ్డ పుట్టిన రోజును గుర్తుపెట్టుకునే పద్ధతి వేరు. ‘రజాకార్ల గడబిడప్పుడు కడుపులో ఉన్నాడు’, ‘పెద్ద కరువొచ్చిన ఏడు పుట్టాడు’ అంటారు పెద్దలు. బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు ఆ లెక్కను తేదీగా మార్చేవారు. ఒకటో తరగతికి వయసు సరిపోయేలా జూన్ ఒకటో, జులై ఒకటో వేసేసేవారు. అందుకే ఆ తరంలో చాలామంది పుట్టినరోజులు ఆ రెండు నెలల్లోనే కనిపిస్తాయి.

తెలంగాణలో దీనికి తోడు ఇంకో చిక్కు. నిజాం పాలనలో లెక్కలన్నీ ఫసలీ సంవత్సరంలో నడిచేవి. ఆ ఏడాది జనవరిలో కాదు, అక్టోబరులో మొదలయ్యేది. కాబట్టి ఫసలీని ఇంగ్లిషు సంవత్సరంలోకి మార్చాలంటే ఏడాదిలో మొదటి కొన్ని నెలలకు 590 కలపాలి, మిగతా నెలలకు 591 కలపాలి. నెల చూడకుండా ఏదో ఒక అంకె కలిపేస్తే మనిషి వయసు ఒక ఏడాది పెరుగుతుంది, లేదా తరుగుతుంది. 1965, 1971 యుద్ధాల నాటికి యూనిఫాం వేసుకున్న తరంలో ఇలాంటి పాత లెక్కల్లో పుట్టినవాళ్లు ఉన్నారు.

ఒక్క ఏడాదే కదా అనిపించొచ్చు. ఆ ఒక్క ఏడాది దేశ సైన్యాధిపతినే సుప్రీంకోర్టు మెట్లెక్కించింది.

సైన్యాధిపతికీ తప్పలేదు

జనరల్ వీకే సింగ్ 2010 మార్చి 31న సైన్యాధిపతి అయ్యారు. ఆయన పదో తరగతి ధ్రువపత్రంలో పుట్టిన తేదీ 1951 మే 10. కానీ 1965లో, జాతీయ రక్షణ అకాడమీలో ప్రవేశానికి నింపిన దరఖాస్తులో 1950 మే 10 అని పడింది. అప్పటికి ఆయన వయసు పదిహేను లోపే. విచిత్రం ఏమిటంటే, సైన్యంలోనే రెండు శాఖలు రెండు తేదీలతో నలభై ఏళ్లు నడిచాయి. అడ్జుటెంట్ జనరల్ శాఖ దగ్గర 1951, పదోన్నతులు చూసే మిలిటరీ సెక్రటరీ శాఖ దగ్గర 1950!

1950 ఖాయమైతే ఆయన 2012 మేలో దిగిపోవాలి. 1951 అయితే మూడేళ్ల పదవీకాలం పూర్తయ్యే 2013 మార్చి దాకా ఉండొచ్చు. రక్షణశాఖ 1950కే కట్టుబడింది. 2011 డిసెంబరు 30న ఆయన ఫిర్యాదును తోసిపుచ్చింది. పదవిలో ఉన్న సైన్యాధిపతి ప్రభుత్వంపై కోర్టుకెక్కడం అదే మొదటిసారి. 2012 ఫిబ్రవరి 10న జస్టిస్ ఆర్.ఎం.లోధా, జస్టిస్ హెచ్.ఎల్.గోఖలేల ధర్మాసనం ముందు విచారణ జరిగింది. ఆయన నిజాయతీని ఎవరూ శంకించలేదు. కానీ 1950ని ఒప్పుకొంటూ ఆయనే అంతకుముందు లేఖలు ఇచ్చారన్న విషయం అడ్డొచ్చింది. చివరికి ఆయన పిటిషన్ ఉపసంహరించుకున్నారు. అదే ఏడాది మే 31న పదవీ విరమణ చేశారు.

ఈ కథలో మామూలు జవాను నేర్చుకోవాల్సింది ఒకటుంది. పుట్టిన తేదీలో తప్పుంటే అధికారులు కమిషన్ పొందిన రెండేళ్ల లోపే దిద్దించుకోవాలన్నది సైన్యం నిబంధన. సివిల్ ఉద్యోగులకు ఆ గడువు అయిదేళ్లు. గడువు దాటాక చేతిలో ఎంత గట్టి ఆధారం ఉన్నా పని జరగడం కష్టం. ‘ఇన్నేళ్లూ ఎందుకు అడగలేదు?’ అన్న ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి రిటైరైన సైనికుడు తన సొంత పుట్టిన తేదీ కోసం ఇప్పుడు పోరాడితే దక్కేది తక్కువ. కానీ భార్య పేరు, ఆమె పుట్టిన తేదీ, పిల్లల వివరాలు... వీటి సంగతి వేరు. వీటిని ఇప్పటికీ దిద్దించుకోవచ్చు. అసలు నష్టం జరుగుతున్నదీ వీటి దగ్గరే.

లక్ష్మి ఒక్కతేనా, ఇద్దరా?

‘లక్ష్మి’ అన్న పేరునే తీసుకోండి. తెలుగులో రాస్తే గొడవే లేదు. ఇంగ్లిషులో మాత్రం తెలంగాణలో చాలామంది ఎక్స్ అక్షరంతో రాస్తారు. కోస్తాలో కె, ఎస్, హెచ్ కలిపి రాస్తారు. యూనిట్‌లోని గుమాస్తా ఏ రాష్ట్రం వాడైతే ఆ రాష్ట్రం అలవాటు ప్రకారం రాస్తాడు. ఇంట్లో రాజవ్వ. ఓటరు జాబితాలో రాజమ్మ. ఆధార్‌లో ఇంటిపేరు ముందు చేరుతుంది. సైన్యం కాగితంలో ఇంటిపేరు అసలే ఉండదు, లేకపోతే భర్త పేరు వెనక తగులుకుంటుంది. ఊళ్లో అందరికీ ఆమె ఎవరో తెలుసు. కంప్యూటర్‌కు మాత్రం వాళ్లు ముగ్గురు వేర్వేరు ఆడవాళ్లు!

ఊరి చిరునామా కూడా మారిపోయింది. పాత డిశ్చార్జి పుస్తకంలో ‘మల్లాపూర్, కరీంనగర్ జిల్లా, ఆంధ్రప్రదేశ్’ అని ఉంటుంది. 2014 జూన్ 2న రాష్ట్రం మారింది. 2016 అక్టోబరు 11న కరీంనగర్ నుంచి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల, పెద్దపల్లి జిల్లాలు విడిపోయాయి. ఇది తప్పు కాదు, నిజమే. కానీ పేరు, ఊరు, జిల్లా మూడూ తేడాగా ఉంటే అవతలివాడికి అనుమానం రావడం సహజం.

సైనికుడు బతికున్నంతకాలం ఈ తేడాలు బయటపడవు. పింఛను ఆయన పేరున నెలనెలా పడుతూనే ఉంటుంది. ఆయన పోయాక, చివరగా తీసుకున్న జీతంలో 30 శాతం చొప్పున సాధారణ కుటుంబ పింఛను భార్యకు రావాలి. పింఛను ఉత్తర్వులో, అంటే పీపీవోలో ఆమె పేరు సరిగ్గా ఉంటే మరణ ధ్రువపత్రం, ఆధార్ వంటి కాగితాలతో పని మొదలైపోతుంది. పేరు తేడా ఉంటే? ఆ పీపీవోలో ఉన్న మనిషి తనేనని ఆమె నిరూపించుకోవాలి. ముప్ఫై, నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషికి తను భార్యనేనని!

ఫైలు ఉండేదెక్కడ?

చాలా కుటుంబాలకు తెలియని సంగతి ఇది. సైనికుడి ఫైలు ఢిల్లీలో ఉండదు, జిల్లా కేంద్రంలోనూ ఉండదు. ఆయన ఏ రెజిమెంటులో, ఏ కోర్‌లో పనిచేశాడో దానికి సంబంధించిన రికార్డ్ ఆఫీసులో ఉంటుంది. మద్రాస్ రెజిమెంట్ అయితే నీలగిరి కొండల్లోని వెల్లింగ్టన్. ఫిరంగి దళమైతే నాసిక్. సిగ్నల్స్ అయితే జబల్‌పూర్. మద్రాస్ ఇంజినీర్ గ్రూప్ అయితే బెంగళూరు. వాయుసేన వారికి ఢిల్లీ. నావికులకు ముంబయి.

మన సికింద్రాబాద్‌లోనూ రెండు పెద్ద రికార్డ్ ఆఫీసులు ఉన్నాయి. ఒకటి ఆర్మీ ఆర్డినెన్స్ కోర్‌ది, ఇంకోటి ఈఎంఈది. పంజాబ్‌లోనో అస్సాంలోనో ఉన్న ముసలి సైనికుడు తన భార్య పేరు దిద్దమని సికింద్రాబాద్‌కు ఉత్తరం రాస్తుంటే, మల్లాపూర్ సైనికుడు నాసిక్‌కో జబల్‌పూర్‌కో రాస్తుంటాడు!

ఈ రికార్డుకు ప్రాణం ‘పార్ట్-2 ఆర్డర్’. జవాను ఇంట్లో పెళ్లయినా, బిడ్డ పుట్టినా, ఆ సంగతిని యూనిట్ ఒక ఆర్డరుగా ప్రచురిస్తుంది. రికార్డ్ ఆఫీసు దాన్ని అతని ఫైల్లో ఎక్కిస్తుంది. ఆర్డరు రాకపోతే పెళ్లి జరగనట్టే, బిడ్డ పుట్టనట్టే లెక్క. మంచుకొండల్లో డ్యూటీలో ఉన్నవాడు ఇంటినుంచి వచ్చిన ఉత్తరం చదువుకుని సంతోషపడ్డాడే గానీ ఆఫీసులో చెప్పడం మరిచిపోయాడు. లేదా చెప్పాడు, గుమాస్తా రాయలేదు. అలా వదిలేసిన పేర్లు పింఛను కాగితాల్లోకీ రావు. మామూలుగా పిల్లలకు కుటుంబ పింఛను వర్తించేది పాతికేళ్ల వయసు దాకానే. కానీ వైకల్యం వల్ల సొంతంగా సంపాదించుకోలేని బిడ్డకు తల్లిదండ్రుల తర్వాత జీవితాంతం వస్తుంది. అలాంటి బిడ్డ పేరే ఫైల్లో లేకపోతే ఆ ఇంటికి అంతకంటే నష్టం ఏముంటుంది?

రాయనిది కూడా సాక్ష్యమే

కొన్నిసార్లు రికార్డు మౌనమే సైనికుణ్ని కాపాడుతుంది. ధరమ్‌వీర్ సింగ్ అనే జవాను 1985లో సిగ్నల్స్ కోర్‌లో చేరాడు. తొమ్మిదేళ్లు పనిచేశాక మూర్ఛవ్యాధి ఉందని 1994లో ఇంటికి పంపేశారు. ‘ఈ జబ్బుకూ ఉద్యోగానికీ సంబంధం లేదు’ అని వైద్యుల బోర్డు రాసింది. ఆ ఒక్క వాక్యంతో వైకల్య పింఛను పోయింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

2013 జులైలో కోర్టు ఇచ్చిన తీర్పు ఎందరికో దారి చూపింది. చేరేటప్పుడు వైద్యపరీక్ష చేసిందీ సైన్యమే. ఆ రోజు రికార్డులో ఏ జబ్బూ రాయలేదు. కాబట్టి చేరేనాటికి అతను ఆరోగ్యంగా ఉన్నాడనే భావించాలి. తర్వాత వచ్చిన జబ్బు ఉద్యోగం వల్ల కాదంటే, అలా అన్నవారే కారణాలతో నిరూపించాలి. కోర్టు ఆలోచించిన తీరు ఇదీ. అందుకే చేరినప్పటి వైద్యపరీక్ష కాగితం, పంపేసినప్పటి బోర్డు కాగితం... రెండూ ఇంట్లో భద్రంగా ఉండాలంటారు తెలిసినవాళ్లు.

ఆలస్యానికి ఖరీదు

తప్పు దిద్దించుకోవడం ఒక ఎత్తు. ఎప్పుడు దిద్దించుకున్నామన్నది ఇంకో ఎత్తు. తర్సేమ్ సింగ్ అనే సైనికుణ్ని 1983లో అనారోగ్య కారణాలతో సైన్యం నుంచి పంపించారు. వైకల్య పింఛను కోసం ఆయన హైకోర్టుకు వెళ్లింది 1999లో... పదహారేళ్ల తర్వాత! పింఛను ఇవ్వాల్సిందే అన్నది తేలింది. మరి పదహారేళ్ల బకాయిల మాటేమిటి? 2008లో సుప్రీంకోర్టు, కోర్టుకు రావడానికి ముందు మూడేళ్ల బకాయిలే ఇవ్వమంది. మిగతా కాలం ఆలస్యం ఖాతాలోకి పోయింది.

పెద్దవాళ్ల విషయంలోనూ ఆలస్యం జరిగింది. 1971 యుద్ధాన్ని నడిపిన శామ్ మానెక్‌షాకు 1973 జనవరిలో ఫీల్డ్ మార్షల్ హోదా ఇచ్చారు. ఆ హోదాకు పదవీ విరమణ అన్నది లేదు. రావాల్సిన జీతం మాత్రం ఏళ్ల తరబడి రాలేదు. కోటి రూపాయలకు పైబడిన బకాయిల చెక్కు ఆయన చేతికి అందింది 2007లో. ఆ మరుసటి ఏడాది జూన్ 27న వెల్లింగ్టన్‌లో ఆయన కన్నుమూశారు.

ఇంకో ప్రమాదమూ ఉంది. పింఛను రాకుండా సైన్యం నుంచి బయటికొచ్చినవారి ఫైళ్లను 25 ఏళ్ల తర్వాత నాశనం చేయొచ్చన్నది సైన్యం నిబంధన. ఆ తర్వాత దిద్దడానికి అసలు ఫైలే ఉండదు. ఇంట్లో ఉన్న డిశ్చార్జి పుస్తకమే మిగిలిన సాక్ష్యం. అమెరికాలో 1973 జులై 12న సెయింట్ లూయిస్ నగరంలోని సైనిక రికార్డుల భవనం తగలబడింది. కోటీ అరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల దాకా ఫైళ్లు బూడిదయ్యాయి. ఎన్నో కుటుంబాలు ఇంట్లో దాచుకున్న పాత కాగితాలతోనే తమవాడు సైనికుడని నిరూపించుకోవాల్సి వచ్చింది. ట్రంకు పెట్టె విలువ అక్కడైనా ఇక్కడైనా ఒకటే.

దిద్దించుకోవాలంటే...

మొదట చేయాల్సిన పని చాలా చిన్నది. డిశ్చార్జి పుస్తకం, పీపీవో, ఆధార్, పాన్, బ్యాంకు పాసుపుస్తకం... అయిదూ పక్కపక్కన పెట్టుకుని భార్యాభర్తలు కలిసి కూచోవాలి. పేరు, స్పెల్లింగు, పుట్టిన తేదీ ఒక్కో అక్షరమూ సరిచూసుకోవాలి. ఇంగ్లిషు చదవడం రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లలచేత చూపించుకోవచ్చు.

తేడా కనిపిస్తే సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లాలి. ఉమ్మడి కరీంనగర్ జిల్లా వారికి కరీంనగర్‌లో ఆ కార్యాలయం ఉంది. దరఖాస్తు ఎలా రాయాలో, ఏ రికార్డ్ ఆఫీసుకు పంపాలో అక్కడ చెబుతారు. మామూలుగా అడిగేవి... రెండు పేర్లూ ఒకే మనిషివని చెప్పే అఫిడవిట్, ఆధార్, పాన్ నకళ్లు, డిశ్చార్జి పుస్తకం, పీపీవో నకళ్లు. పుట్టిన తేదీ మార్పయితే బడి ధ్రువపత్రమో, జనన ధ్రువపత్రమో ఉండాలి. పేరే మారితే పత్రికా ప్రకటన కూడా అడగొచ్చు.

రికార్డ్ ఆఫీసు ఒప్పుకొంటే పార్ట్-2 ఆర్డర్ వెలువడుతుంది. అక్కడితో పని అయిపోయిందనుకుని చాలామంది ఆగిపోతారు. ఆగకూడదు. ఆ వివరం పింఛన్ల కార్యాలయానికి, అంటే ఒకప్పటి అలహాబాద్, ఇప్పటి ప్రయాగ్‌రాజ్‌కు చేరాలి. అక్కడి నుంచి సవరించిన పీపీవో రావాలి. దాన్ని ‘కొరిజెండం’ అంటారు. అది చేతికందాకే తప్పు దిద్దినట్టు.

ఇప్పుడు రక్షణశాఖ పింఛన్లు ‘స్పర్శ్’ అనే ఆన్‌లైన్ విధానంలోకి మారాయి. పాత కాగితాల్లోని వివరాలనే అందులోకి ఎక్కించడంతో పాత తప్పులూ వెంట వచ్చాయి. అయితే ఒక మేలు జరిగింది. ఇన్నాళ్లూ బీరువాలో కనపడకుండా ఉన్న తప్పు ఇప్పుడు తెరమీద కనపడుతోంది. ఏటా జీవన ప్రమాణ పత్రం ఇచ్చేటప్పుడు భార్య వివరాలు ఎలా ఉన్నాయో కూడా ఒకసారి చూపించమని అడిగితే చాలు.

ఉత్తరాలకు జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల రుసుముతో తన సర్వీసు కాగితాల నకళ్లు తనే అడిగి తీసుకోవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. అప్పటికీ న్యాయం జరగకపోతే సైనికుల కోసమే 2007లో చట్టం చేసి 2009లో ప్రారంభించిన సాయుధ దళాల ట్రైబ్యునల్ ఉంది. పింఛను, పదోన్నతి, వైకల్యం తగాదాలన్నీ అక్కడికే వెళ్తాయి.

పోయినవారికి దక్కింది

రికార్డు దిద్దడం అంటే డబ్బు మాత్రమే కాదు. అమెరికాలోని హ్యూస్టన్‌లో 1917లో జరిగిన అల్లర్ల కేసులో 110 మంది నల్లజాతి సైనికులకు శిక్షలు పడ్డాయి. 19 మందిని ఉరితీశారు. విచారణ న్యాయంగా జరగలేదని 2023 నవంబరులో ఆ దేశ సైన్యం ఒప్పుకొంది. 110 మంది శిక్షలనూ రద్దుచేసి, వాళ్లు గౌరవంగా సర్వీసు ముగించినట్టు రికార్డు మార్చింది. నూటఆరేళ్ల తర్వాత! అప్పటికి వాళ్లెవరూ లేరు. మనవళ్లు, మునిమనవళ్లు ఆ మాట విన్నారు.

మల్లాపూర్‌లోనో సిరిసిల్లలోనో ఉన్న మాజీ సైనికుడికి అంతకాలం ఆగాల్సిన అవసరం లేదు. ఆయన ఇంకా అరుగుమీద కూచుని మనవళ్లకు లడఖ్ చలి గురించి చెబుతూనే ఉన్నాడు. ఏ యూనిట్‌లో ఏ ఏడాది ఉన్నాడో, పెళ్లి సంగతి ఏ ఆఫీసులో చెప్పాడో ఆయనకు గుర్తుంది. తన నంబరు నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. ఆయన సంతకానికి ఉన్న విలువ రేపు ఆమె పెట్టే పది అఫిడవిట్లకు ఉండదు. దిద్దించుకునే పని ఆయన ఉండగానే జరిగిపోతే, ఆమె ఏ కౌంటరు ముందూ నిలబడి ‘నేను ఫలానా సిపాయి భార్యను’ అని రుజువు చూపించుకోవాల్సిన పని ఉండదు.